ముగ్గురాయికి ముద్ర ఎవరు వేశారు?

"ఐఎస్ఓ 9001 సర్టిఫైడ్ కంపెనీ" అని గేటు మీద బోర్డు కనిపించగానే, ఓహో వీళ్ళ సరుకు బాగుంటుందన్నమాట అనుకుంటాం. నిజానికి సరుకు బాగుందని ఆ బోర్డు ఎక్కడా చెప్పదు. ఈ తేడా ఎలా పుట్టిందో స్టాండర్డ్స్ పుస్తకాలు తిరగేస్తే బుర్రకెక్కదు. మా కడప ముగ్గురాయి కథ తీసుకుంటే మాత్రం చక్కగా ఎక్కుతుంది.

రైల్వే కోడూరు దగ్గర ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట ఉంది. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కడప నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది.) అక్కడి బెరైటీస్ నిక్షేపం సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులని లెక్క. ఒకేచోట ఇంత ఉన్నది ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. పేరుకి ముగ్గురాయే గానీ, ఇందులో ఎక్కువ భాగం వాకిళ్ళలోకి పోదు. మిల్లుల్లో పొడై, సంచుల్లోకెక్కి, ఓడల్లో ఎక్కడెక్కడి ఆయిల్ బావుల్లోకో పోతుంది.

బావికి రాయెందుకు అంటారా? 3000 మీటర్ల లోతు తవ్వినప్పుడు అడుగున గ్యాసు పైకి తన్నుతూ ఉంటుంది. దాన్ని అణిచిపెట్టేది బావి నిండా ఉన్న బురద బరువు. మామూలు నీళ్ళయితే ఆ లోతులో దాదాపు 290 వాతావరణాల పీడనం ఇస్తాయి. ముగ్గురాయి పొడి కలిపి బురదని నీటికి 1.8 రెట్లు బరువు చేస్తే అది 520 దాటుతుంది. పొడిలో బరువు తక్కువైతే? బావి ఎగదన్నుతుంది, మనుషులు పోతారు. ఈ వాడకానికి స్ట్రౌడ్ అనే ఆయన 1926లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు.

కొనేవాడు టెక్సాస్‌లోనో గల్ఫ్‌లోనో, అమ్మేవాడు కోడూరులో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మరి నమ్మకం ఎలా? 1919లో మొదలైన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఇక్కడ కథలోకి వస్తుంది. 1924లోనే ఆయిల్ సామాన్ల మీద తన ముద్ర వేసుకోడానికి లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. బెరైటీస్‌కి దాని స్పెసిఫికేషన్ పేరు 13ఏ. సాంద్రత నీటికి 4.20 రెట్లకి తగ్గకూడదు, 75 మైక్రాన్ల జల్లెడ మీద 3 శాతానికి మించి మిగలకూడదు, ఇలా ఉంటుంది లిస్టు. ఏపీఎండీసీ వాళ్ళ ఏ గ్రేడ్ అన్నది కూడా ఆ 4.20 దగ్గరే మొదలవుతుంది. అంటే మన కొండని ఏ, బీలుగా విడగొట్టిన గీత మనం గీసింది కాదన్నమాట!

సాంద్రత చూడ్డం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మెడ సన్నగా ఉండే లె షాటెలియే ఫ్లాస్కు, కిరోసిన్‌లాంటి ద్రవం, త్రాసు ఉంటే చాలు. అసలు చిక్కు శాంపిల్‌తోనే. దోసెడు పొడి 4.20 తూగింది సరే, మిగతా వెయ్యి టన్నుల మాటేమిటి? గనిలో రాయి అడుగడుక్కీ మారుతుంది కదా.

దీనికి పాత జవాబు సరుకు మీద ముద్ర. 1952లో ఐఎస్ఐ మార్కు చట్టం వచ్చింది. బేతంచెర్ల దగ్గర సిమెంట్ నగర్ బస్తా మీదైనా, ఎర్రగుంట్ల బస్తా మీదైనా ఉండే గుర్తు అదే. అది సిమెంటు గురించి మాట్లాడుతుంది. కొత్త జవాబు వేరు. సరుకు సంగతి తర్వాత, ముందు సరుకు తయారయ్యే పద్ధతిని చూద్దాం అంటుంది. ఇది యుద్ధ సామగ్రి కొనేవాళ్ళ బుర్రలో పుట్టింది. 1959లో అమెరికా సైన్యం వాళ్ళ మిల్-క్యూ-9858, 1979లో బ్రిటన్ బీఎస్ 5750, అక్కణ్ణుంచి 1987లో ఐఎస్ఓ 9000. ఈ మధ్యలో, 1985లో, ఏపీఐ కూడా క్యూ1 అని తన సొంత పద్ధతి పెట్టుకుంది. అందుకే ఇవాళ మిల్లువాడు సంచి మీద ఏపీఐ ముద్ర వేసుకోవాలంటే పొడి ఒక్కటి బాగుంటే చాలదు. ఫ్లాస్కు రికార్డులు, త్రాసు కాలిబ్రేషను, చెడిన లాటుని ఏం చేశారో ఆ కాగితం, అన్నీ ఆడిటర్‌కి చూపాలి. "ఏపీఐ గ్రేడ్" అని ఎవడైనా రాసుకోవచ్చు, ముద్ర మాత్రం లైసెన్సు ఉన్నవాడికే.

మరి ఆడిటర్‌ని ఎవరు నమ్మాలి? దానికీ మెట్లున్నాయి. మన దేశంలో ల్యాబులకి గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీఎల్, ఐఎస్ఓ సర్టిఫికెట్లిచ్చే సంస్థలకి గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీసీబీ. సర్టిఫికెట్ ఇచ్చేవాడికి సర్టిఫికెట్! ఈ రెండోదాన్నే అక్రెడిటేషన్ అంటారు. గుర్తింపు లేని సంస్థ కూడా రంగురంగుల కాగితం ఇవ్వగలదు, గేటు మీద బోర్డు చూస్తే రెండిటికీ తేడా తెలీదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ భాగోతం కొత్త కాదు. అమెరికా రక్షణశాఖకి కాంట్రాక్టర్లని తూచే త్రాసుగా 1991లో సీఎంఎం వచ్చింది. తర్వాత బెంగుళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో లెవెల్ 5 బోర్డులు వెలిశాయి. ఆడిట్ వారంలో పాత తేదీలతో డాక్యుమెంట్లు నింపడం చూసినవాళ్ళెవరికైనా, పద్ధతి ఉండటానికీ పద్ధతి ఉందని రాసి ఉండటానికీ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. అలాగని అంతా నాటకం అనను. 4.20 లేని సరుకు ఓడెక్కకుండా ఆపేది కూడా ఆ బోరుకొట్టే రికార్డులే.

ఇంకో తమాషా వినండి. 4.20 అన్నది దేవుడు చెప్పిన అంకె కాదు. మంచి రాయి కరువవుతుంటే 2010లో ఏపీఐ 13ఏ కొత్త ఎడిషన్‌లో 4.10 బెరైటీస్‌కి కూడా చోటిచ్చింది. అప్పటిదాకా తక్కువరకం అనిపించుకున్న 4.10, 4.20 మధ్య రాయి ఒక్క కమిటీ నిర్ణయంతో బావికి పనికొచ్చే సరుకైంది. కొండలో రాయి మారలేదు, కాగితం మీద ఒక దశాంశం మారింది, అంతే.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది మాత్రం తేదీల వరస. కొనేవాడి సరుకుకి సంబంధించిన ఐఎస్ఓ 9000 వచ్చింది 1987లో. గాలీ నీళ్ళ సంగతి చూసే ఐఎస్ఓ 14001 వచ్చింది 1996లో. మిల్లులో దుమ్ము పీల్చేవాడి క్షేమం గురించిన ఐఎస్ఓ 45001 వచ్చింది 2018లో, ముప్ఫై ఒక్కేళ్ళ తర్వాత! (దీనికి ముందు 1999 నుంచి ఓహెచ్ఎస్ఏఎస్ 18001 ఉండేది, కానీ అది ఐఎస్ఓది కాదు.) ఎవరు డబ్బులిస్తారో వాళ్ళ భయానికి ముందు కాగితం దొరికింది. సంచిలో పొడిని మైక్రాన్లలో కొలిచే పద్ధతి, ఆ పొడి పీల్చే మనిషి దగ్గరికి చివర్లో వచ్చింది.

కాబట్టి ఈసారి బోర్డు కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ పనికి ఇచ్చారు? ఎవరు ఇచ్చారు? ఆ ఇచ్చినవాడికి గుర్తింపు ఎవరిచ్చారు? సర్టిఫికెట్ మీద "స్కోప్" అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది, మొదటి జవాబు అక్కడే దొరుకుతుంది. దుమ్ము సంగతి ఆ లైన్లో లేకపోతే, ఆడిటర్ దాన్ని చూడలేదనే అర్థం. దుమ్ము లేదని కాదు.