ఎల్ల దాటే గొడుగులు

ఏటా పురటాసి మాసంలో తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నై నుంచి గొడుగులు వెళ్తాయి. షావుకారుపేట దగ్గరి చెన్నకేశవ పెరుమాళ్ కోవెలలో బయలుదేరి, యానైకవుని దాటి, అయనావరం, విల్లివాక్కం, తిరువళ్ళూరు మీదుగా సాగి గరుడసేవ నాటికి కొండకు చేరతాయి.

బ్యాంకు పనిమీద హోసూరు నుంచి వెళ్లిన నాకు ఒకసారి ఆ ఊరేగింపు దారిలోనే ఎదురైంది. బండ్లన్నీ ఆగిపోయాయి. ఆటోవాడు కిందికి దిగి చేతులు జోడించాడు. జనం తలల మీదుగా తెల్లని పట్టు గొడుగులు ఊగుతూ వచ్చాయి. పూలు చల్లుతున్న ముసలామె తమిళంలోనూ, దుకాణం మెట్లమీది సంసారం మార్వాడీలోనూ మాట్లాడుకుంటున్నారు. తెలుగు మాట కోసం చెవి ఒగ్గాను, వినబడలేదు. గోవిందనామం ఒక్కటే అందరి నోటా.

అయితే ఆ కోవెల పుట్టుకలో మనవాళ్ల చేయి ఉంది. 1639లో కంపెనీవారికి ఇక్కడ స్థలమిచ్చినవారు దామెర్ల నాయకులు. చెన్నపట్నమన్న పేరు వారి తండ్రి చెన్నప్పదే అంటారు. తొలి కోవెల ఇప్పటి హైకోర్టు ఆవరణలో ఉండేది. దాని సంగతి తెలిపే పాత దానపత్రాల్లో ఒకటి 1646 నాటిది, కంపెనీకి తుపాకిమందు చేసిన నాగభట్టుది. మరొకటి 1648 నాటిది, వర్తకుడు బేరి తిమ్మన్నది. తాకట్టు పత్రాలు చదివి చదివి తల నెరిసినవాణ్ణి గనక, పత్రమంటే నాకు గౌరవం ఎక్కువ. రాళ్లు పోయినా పత్రం మాట్లాడుతుంది. 1757లో ఫ్రెంచివారి భయంతో, కోటకు అడ్డమని ఆ కోవెలను ఇంగ్లీషువారు పడగొట్టారు. తరువాత వేరే స్థలమిస్తే, మణలి ముత్తుకృష్ణ ముదలియారు పూనికతో చెన్నకేశవుడికీ చెన్నమల్లేశ్వరుడికీ పక్కపక్కనే జంట కోవెలలు లేచాయి. తెలుగు తిమ్మన్న నిలిపినదాన్ని తమిళ ముదలియారు మళ్లీ నిలిపాడన్నమాట. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

మదరాసు ఎవరిదన్న తగాదా మాత్రం అందరికీ గుర్తే. మదరాసుతో కూడిన ఆంధ్ర కోసం పొట్టి శ్రీరాములుగారు ఈ నగరంలోనే నిరాహారదీక్ష పట్టి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953లో ఆంధ్ర వేరుపడింది, నగరం ఇటే ఉండిపోయింది. 1960లో తిరుత్తణి కూడా ఇటు వచ్చింది. తిరుపతి అటు నిలిచింది. ఈ పంపకాల తరువాత చెన్నకేశవుడి ఊరు ఒక రాష్ట్రంలో, వెంకన్న కొండ ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. గొడుగులు ఇప్పటికీ ఆ ఎల్ల దాటే వెళ్తున్నాయి.