శరీర నిర్మాణ శాస్త్ర బోధన: వరంగల్లు

వైద్యకళాశాలలో అడుగిడిన విద్యార్థి తొలి సంవత్సరమున అభ్యసింపవలసిన మూడు శాస్త్రములలో, అనాటమీ యను పేరనే యందఱకు పరిచితమైన శరీర నిర్మాణ శాస్త్రము మొదటిది, పెద్దది. శరీరధర్మ శాస్త్రమును, జీవరసాయన శాస్త్రమును చాలవఱకు ఉపన్యాసములతోను, గాజుగొట్టములతోను, యంత్రములతోను బోధింప వీలగును. ఇది మాత్రము ఉపన్యాసశాలలో విన్నదానిని శవపరిచ్ఛేదశాలలో కంటితో చూచి, చేతితో తాకి, కత్తితో విడదీసి నిర్ధారించుకొన్నగాని పట్టుపడని విద్య. వరంగల్లు నగరమున ఈ బోధనకు 1959లో కాకతీయ వైద్యకళాశాలతో అంకురార్పణ జరిగినది. ఆఱు దశాబ్దులు దాటిన ఈ చరిత్రను భవనములతోను, సీట్ల సంఖ్యతోను చెప్పుట పరిపాటి. కాని ఈ శాస్త్రచరిత్రను ఏ నగరమునుగూర్చి వ్రాసినను మూలప్రశ్న యొకటి తప్పక యెదురగును: బల్లపై పరుండబెట్టిన ఆ దేహము ఎవరిది, ఎవరి యనుమతితో అచ్చటికి వచ్చినది?

ఈ ప్రశ్నకు పూర్వులు చెప్పిన సమాధానములు నానావిధములు. భారతదేశమున శవపరీక్షను విద్యలో భాగముగా విధించిన ప్రాచీనగ్రంథము సుశ్రుత సంహిత. అందలి శారీరస్థానమున, అవయవలోపము లేనిదియు, విషముచేతగాని దీర్ఘవ్యాధిచేతగాని మరణింపనిదియు నగు దేహమును గ్రహించి, ప్రేవులలోని మలమును తొలగించి, ముంజగడ్డితోగాని నారచీరతోగాని చుట్టి, పంజరమున నుంచి, చాటైన చోట పాఱునీట నానవైచి, ఏడు రాత్రులు గడచిన పిదప వెలికిదీసి, వట్టివేళ్ళు, వెదురు మున్నగువానితో చేసిన కుంచెలతో పొరపొరగా గీఁకుచు చర్మము మొదలుకొని లోపలి యవయవములవఱకు పరిశీలింపవలెనని విధింపబడియున్నది. శాస్త్రమును చదువుటయు, కన్నులార చూచుటయు రెండును కూడినప్పుడే జ్ఞానము వృద్ధినొందునని సుశ్రుతుని మతము. అస్థుల సంఖ్య చరకుని లెక్కలో 360, సుశ్రుతుని లెక్కలో 300 కాగా, నేటి శాస్త్రము వయోజనునియందు 206 అని చెప్పుచున్నది. దంతములను, మృదులాస్థులను చేర్చుకొనుటవంటి గణనభేదమే ఈ వ్యత్యాసమునకు చాలవఱకు కారణము గాని పూర్వులు చూడక వ్రాసిరనుట యుక్తము కాదు. అయినను ఆ పరిపాటి కాలక్రమమున లోపించి, శవస్పర్శను అశౌచముగా నెంచు సమాజమున శస్త్రవిద్య వైద్యుల చేతినుండి జాఱిపోయెను.

యూరపుఖండమున దాదాపు పదమూడు వందల యేండ్లు ప్రాచీన గ్రీకు వైద్యుడగు గాలెను గ్రంథములే ప్రమాణములై యుండెను. ఆయన కోతులను, తదితర జంతువులను కోసి చూచినదానిని మనుష్యునకు అన్వయించెను. మానవుని క్రింది దవడ రెండు ఎముకల కూర్పనియు చెప్పెను. పాడువా విశ్వవిద్యాలయమున స్వహస్తముతో శవములను పరిచ్ఛేదించుచు బోధించిన వెసాలియసు, అది ఒకే యెముక యని చూపి, 1543లో ప్రకటించిన తన మహాగ్రంథమున గాలెను దోషములను పెక్కింటిని సవరించెను. అంతకుముందు ఆచార్యుడు ఉన్నతాసనముపై కూర్చుండి పుస్తకమును చదువుచుండగా, క్రింద మఱియొకడు కత్తి పట్టి కోయుచుండెడివాడు. చదువువానికి కోయబడునది కనబడదు, కోయువానికి చదువబడునది తెలియదు. ఉపన్యాసమును, పరిచ్ఛేదమును ఒక్క మనిషియందు కలిపినది వెసాలియసు చేసిన గొప్ప మార్పు.

విద్య పెరిగినకొలది శవముల కొఱతయు పెరిగెను. ఎడింబరో నగరమున 1828లో బర్కు, హేరు అను నిరువురు పదునాఱుగురిని చంపి, ఆ దేహములను రాబర్టు నాక్సు అను అనాటమీ బోధకునికి విక్రయించిన ఉదంతము బయటపడగా దేశము దద్దరిల్లినది. బర్కును ఉరిదీసి, అతని దేహమునే పరిచ్ఛేదించిరి. వాని అస్థిపంజరము నేటికిని ఆ నగరమున భద్రపఱుపబడియున్నది. దీని ఫలితముగా 1832లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము, ఎవరును కోరని దేహములను కళాశాలలకు ఇప్పించెను. ఈ సూత్రమునే స్వతంత్ర భారతదేశమున 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టమువంటివియు అనుసరించినవి. సూత్రము సులభమైనదే, కాని ధర్మాసుపత్రిలో దిక్కులేక మరణించినవాని సమ్మతిని ఎవరును అడుగలేదు. శతాబ్దికి పైగా వైద్యవిద్య పేదవాని దేహముపై పెరిగినదనుట కటువుగా తోచినను సత్యము.

మనదేశమున ఆధునిక పద్ధతిని కలకత్తా, మద్రాసు వైద్యకళాశాలలు 1835లో ప్రారంభించినవి. కలకత్తాలో ఆయుర్వేద పండితుడైన మధుసూదన గుప్త 1836లో శవపరిచ్ఛేదము చేసి కులాచారపు కట్టును తెంచగా, ఫోర్టు విలియము కోటలో ఫిరంగులు మ్రోగించిరని చెప్పుదురు. తెలుగునాట నిజాము రాజ్యమున 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలు వెలసెను; అదియే పిదప ఉస్మానియా వైద్యకళాశాలయై, కొంతకాలము ఉర్దూ మాధ్యమమున వైద్యమును బోధించి ప్రత్యేకత గడించెను. కోస్తాలో విశాఖపట్టణపు కళాశాల 1923లోను, గుంటూరు కళాశాల 1946లోను, హైదరాబాదులో గాంధీ వైద్యకళాశాల 1954లోను ఏర్పడెను. వరంగల్లున కళాశాల వెలయువఱకు ఆ ప్రాంతపు విద్యార్థి వైద్యుడు కావలెనన్న హైదరాబాదు పోక తప్పెడిది కాదు.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన మూడేండ్లకు, 1959లో, ప్రాంతీయ వైద్యవిద్యా సంఘమువారి పూనికతో కాకతీయ వైద్యకళాశాల స్థాపింపబడెను. ప్రభుత్వము చేయవలసిన పనిని ప్రజలే తలకెత్తుకొన్న ఉదాహరణలలో ఇది యొకటి. అంతకు ముందేడు కాకినాడలో రంగరాయ కళాశాలయు ఇట్లే వెలసినది. ఉత్తర తెలంగాణమునకెల్ల పెద్దదిక్కైన మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, అనగా జనులు ఎంజీఎం అని పిలుచు ఆసుపత్రి, దీనికి బోధనాసుపత్రి యాయెను. కళాశాల 1977లో ప్రభుత్వ యాజమాన్యము క్రిందికి వచ్చెను. అనుబంధము తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయముతోను, పిదప 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయముతోను, తరువాత విజయవాడలో 1986లో వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయముతోను సాగెను. ఈ పాలనా వివరములు విద్యార్థి నిత్యజీవితమును అంతగా తాకినవి కావు. అతనిని తాకినది శవపరిచ్ఛేదశాల.

విద్యార్థులు డిసెక్షన్ హాల్ అనియు, పొడియక్షరములలో డీహెచ్ అనియు పిలుచు ఆ శాలలో మొదటి దినమున అందఱికంటె ముందుగా పలుకరించునది ఫార్మలిను ఘాటు. కన్నులు మండును, ముక్కు కాఱును, కొందఱికి తల తిరుగును. మృతదేహము కుళ్ళకుండుటకు తొడలోని ధమనిగుండగాని మెడలోని ధమనిగుండగాని ఫార్మలిను, గ్లిసరిను, ఫినాలు మున్నగువాని మిశ్రమమును ఎక్కించి, తొట్టిలో నానవైచి నిలువచేయుదురు. ఫార్మలినుకు కణజాలమును గట్టిపఱచి నిలుపు గుణము కలదని 1893లో జర్మను వైద్యుడు బ్లుము గుర్తించిన తరువాతనే సంవత్సరము పొడవున పరిచ్ఛేదము సాధ్యమైనది. అంతకుముందు ఇది త్వరత్వరగా ముగింపవలసిన చలికాలపు పని. విద్యార్థులను జట్లుగా విభజించి, జట్టునకొక బల్ల నిత్తురు. ఒకడు కన్నింగుహాము పరిచ్ఛేద గ్రంథమును పైకి చదువును, ఒకడు కత్తియు పట్టకారును పట్టును, తక్కినవారు చూతురు. పిరికివాడు వెనుక నిలుచును, వానిని బోధకుడు ముందునకు పిలుచును.

పని సామాన్యముగా ఛాతీ, చంక భాగములతో మొదలగును. చర్మమును కోసి మడచి, క్రొవ్వుపొరను తొలగించి, వక్షస్థలపు పెద్దకండరమును, దాని వెనుక చిన్నదానిని వెలిదీసిన పిమ్మట చంకలోని భుజనాడీజాలము కనబడును. మెడలోని అయిదవ నాడి మొదలు ఱొమ్ములోని మొదటి నాడివఱకు గల అయిదు మూలములు కలిసి, విడిపోయి, మరల కలిసి చేతి నాడులగు ఈ అల్లిక, వరంగల్లులోని కొత్తవాడ మగ్గముపై రంగురంగుల పోగులు ఒకదానిలోనొకటి దూఱి సాగినట్లు తోచును. ఉపన్యాసశాలలో ఆచార్యుడు నల్లబల్లపై ధమనిని ఎఱ్ఱసుద్దతోను, సిరను నీలిసుద్దతోను, నాడిని పసుపుసుద్దతోను వేసినప్పుడు అంతయు స్పష్టముగా నుండును; బల్లపై దేహమున అన్నియు ఒకే బూడిదరంగున నుండును. నాడి యేది, సిర యేది యని వ్రేళ్ళతో నొక్కి, లాగి, వెంబడించి తెలిసికొనవలెను. పటములోని మనిషికిని బల్లపై మనిషికిని తేడా యుండుటయు కలదు: ధమని శాఖ ఒకదేహమున ఒకచోట, మఱియొకదేహమున వేఱొకచోట పుట్టును. ఏ ఇద్దఱు మనుష్యులు లోపల ఒక్కతీరున నుండరని శస్త్రవైద్యునికి ఆజన్మాంతము ఉపకరించు పాఠము ఇచ్చటనే అబ్బును. కాళ్ళుచేతుల పిదప ఱొమ్ము, ఉదరము, శిరస్సు, మెడ, మెదడు వరుసగా సాగును.

మఱియొక ప్రయోగశాల సూక్ష్మదర్శినులది. అచ్చట హిమటాక్సిలిను, ఇయోసిను రంగులు వేసిన కణజాలపు పలుచని ముక్కలను చూచి, ఊదా, గులాబి పెన్సిళ్ళతో రికార్డు పుస్తకమున చిత్రింతురు. బొమ్మ వేయ నేర్వనివారికి ఇది పెద్ద గండము. ఎముకల విషయము వేఱు. బోనుసెట్టు అను అస్థిసముదాయము సీనియరు చేతినుండి జూనియరు చేతికి, హాస్టలు మంచము క్రిందినుండి మఱియొక మంచము క్రిందికి సాగుచు తరములు గడుపును. మానవాస్థుల ఎగుమతిని 1985లో భారత ప్రభుత్వము నిషేధించువఱకు ప్రపంచపు వైద్యకళాశాలలకు అస్థిపంజరములు చాలవఱకు మనదేశమునుండియే పోయెడివని ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు, అవియు దిక్కులేనివారివే. పాఠ్యపుస్తకములలో 1858లో తొలిసారి వెలువడిన గ్రే అనాటమీ గౌరవమునకును, బి.డి. చౌరాసియా గ్రంథము పరీక్షకును అని విద్యార్థులలో వాడుక. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారికి లాటిను, గ్రీకు నామముల బెడద తొలి నెలలలో నిద్ర పట్టనీయదు. పరీక్షలో స్పాటర్లు, అనగా సూది గ్రుచ్చిన అవయవభాగములను గంట మ్రోగులోపల గుర్తించుట, పిదప వైవా. చదివినవాడును అచ్చట నోరు పెగలక నిలుచుట కలదు.

ఒకప్పుడు ఈ తొలిదశ పదునెనిమిది నెలలు. భారత వైద్యమండలి 1997 నిబంధనలు దానిని ఒక్క యేడాదికి కుదించి, అనాటమీకి 650 గంటలు కేటాయించెను. 2019లో వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక 675 గంటలు చూపి, అందు 220 ఉపన్యాసములకును, 415 చిన్న జట్ల బోధనకును, ప్రయోగములకును, 40 స్వయం అధ్యయనమునకును పంచెను. కాగితముపై ఇది ప్రయోగపక్షమున కనబడును. కాని కాకతీయ కళాశాలలో ఏటేట చేరువారి సంఖ్య 250కి పెరిగిన పిదప, బల్లచుట్టు మూగినవారిలో కత్తి పట్టువారు కొందఱే, భుజములమీదుగా తొంగిచూచువారు పెక్కురు. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను, ములుగు, నర్సంపేటలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱువబడుటతో ఈ ప్రాంతమున దేహముల యక్కఱ మఱింత హెచ్చినది. ప్లాస్టిక్కు నమూనాలు, 1977లో గుంతరు ఫాన్ హాగెన్సు కనిపెట్టిన ప్లాస్టినేషను, తెరపై త్రిపరిమాణ చిత్రములు కొంత పూరకములు. 2020 నాటి కోవిడు కాలమున తెరయే శాల యైనప్పుడు, చిత్రముతో పేర్లు మాత్రము అబ్బుననియు, చేతికి నేర్పు అబ్బదనియు తేటపడినది.

ఇక మొదటి ప్రశ్నకు వరంగల్లు చెప్పిన సమాధానము. ప్రజాకవి కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టెహళ్ళిలో జన్మించి, వరంగల్లు చెంత మడికొండలో పెరిగి, జీవితమంతయు ఈ నగరపు మనిషిగా మెలగి, 1992లో పద్మవిభూషణమునొంది, 2002 నవంబరు 13న మరణించెను. మరణానంతరమును తన దేహము నలుగురికి ఉపయోగపడవలెనను ఆయన కోరిక మేరకు నేత్రములను ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికిని, భౌతికకాయమును కాకతీయ వైద్యకళాశాలకును అప్పగించిరి. శతాబ్దులుగా అడుగకుండ తీసికొనబడిన దేహమునకు బదులుగా, తెలిసి, తలచి, తానై యిచ్చిన దేహము ఆ శాలకు వచ్చినది; ఇచ్చినవాడు నగరమున అందఱు ఎఱిగిన పెద్దమనిషి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప వరంగల్లులో వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు కాళోజీ పేరే పెట్టబడెను. నేడు రాష్ట్రమున వైద్యపట్టము పుచ్చుకొనువారి పత్రముపై ముద్రితమగు నామము, విద్యార్థులకై దేహమునిచ్చినవానిది. విశ్వవిద్యాలయములకు పెట్టిన పేర్లలో ఇంతకంటె తగినది ఈ వ్యాసకర్తకు తెలియదు.

మృతదేహమును తొలి గురువుగా భావించి గౌరవించుట 2019 పాఠ్యప్రణాళికయందు పాఠముగనే చేరినది. పెక్కు కళాశాలలలో పరిచ్ఛేదారంభమున విద్యార్థులు మౌనము పాటించి ప్రతిజ్ఞ చేయుదురు. దేహదానము చేయగోరువారు వైద్యకళాశాల అనాటమీ విభాగమున పత్రమును పూరించి సంతకము చేయవచ్చును. శవపరీక్ష జరిగిన దేహమును, కొన్ని అంటువ్యాధులతో మరణించినవారి దేహమును సామాన్యముగా స్వీకరింపరు. నేత్రదానము దీనికి అడ్డు కాదు, ఐతే నేత్రములను ఆఱు గంటలలోపల సేకరింపవలెను. దాత సంతకము చేసిన పత్రము ఎంత పకడ్బందీగా నున్నను, మరణానంతరము దేహమును అప్పగించువారు బంధువులే; వారు కాదన్నచో ఆచరణలో ఆ పత్రము చెల్లదు. కావున ఈ దానమును తలపెట్టినవారు సంతకమునకు ముందే ఆ మాటను ఇంటిల్లిపాదికి చెప్పి, వారి సమ్మతిని సంపాదించుకొనవలెను.