చిన్నాన్న తెచ్చిన టామియా కారు

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వెళ్లినా మావాళ్లు బరంపురం వదల్లేదు. మా ఇంట్లో పాత సామానూ అంతే, ఏదీ బయటకి పోదు. వాటిలో ఒకటి చిన్నాన్న విదేశం నుంచి తెచ్చిన టామియా టీఎల్-01. 1990ల చివరినాటి రిమోట్ కారు. అసలు కారులో పదో వంతు, నాలుగు చక్రాలకీ షాఫ్టు డ్రైవు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి అటక కారింది, కారు తడిసింది. ఏళ్ల తర్వాత దింపితే చక్రాలు కదల్లేదు. పిల్లలు బ్రష్‌లెస్ మోటారు వేద్దామన్నారు. "ముందు చక్రం వేలితో తిప్పి చూడండిరా" అన్నారు చిన్నాన్న. తప్పు మోటారుది కాదు. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ బుష్‌లు అరిగి, మట్టి పట్టి బిగుసుకున్నాయి. బాల్ బేరింగులు వేస్తే పాత 540 మోటారే హాయిగా లాగింది.

పాత మెకానికల్ స్పీడు కంట్రోలరు తక్కువ వేగంలో కరెంటుని రెసిస్టరులో వేడి చేసి పారేస్తుంది. దాని బదులు ఎలక్ట్రానిక్‌ది పెట్టాం. చచ్చిన 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీకి బదులు నికెల్ మెటల్ హైడ్రైడ్. లిపో వద్దనుకున్నాం, మేం కొన్న కంట్రోలరులో వోల్టేజి పడిపోతే ఆపే కటాఫ్ లేదు. ఇక ఉప్పుగాలి ఊరు కాబట్టి ఆడాక దుమ్ము దులిపి, బేరింగులకి చుక్క నూనె వేస్తాం.

బాడీ మాత్రం మార్చనివ్వలేదు. పగుళ్లకి లోపలనుంచి టేపు వేశాం. దాని మీద చిన్నాన్న తెలుగులో రాసిన మా ఇంటిపేరుంది. ఒడియా బడిలో చదివే మనవడు మొన్న దాన్ని కూడబలుక్కుని చదివాడు. చదివి, కారుని తిన్నగా గోడకి గుద్దాడు.