దారిలో ఉన్న క్షిపణి: బల్లమీది అంతరిక్ష యుద్ధాల చరిత్ర

పటం పరచి, పావులు కదుపుతూ, పాచికలు వేస్తూ ఆడే అంతరిక్ష నౌకాయుద్ధ క్రీడలు అమెరికా, బ్రిటన్ దేశాలలో 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చినా, వాటి పూర్వీకులను వెదకవలసింది సముద్రం మీదనే. ఇంగ్లండులో ఫ్రెడ్ టి. జేన్ 1898లో ప్రచురించిన నౌకాయుద్ధ క్రీడలోనూ, అమెరికన్ రచయిత ఫ్లెచర్ ప్రాట్ న్యూయార్కులో నేలమీద నమూనా ఓడలను పరచి ఆడించిన క్రీడలోనూ ప్రధానాయుధం ఫిరంగి. ప్రాట్ ఆటలో ఆటగాడు శత్రునౌక ఎంత దూరాన ఉన్నదో కంటితో అంచనా కట్టి చెప్పిన తరువాతనే కొలబద్ద తీసి సరిచూసేవారు. గుండు తగిలినా తప్పినా ఫలితం అప్పటికప్పుడే తేలిపోయేది. క్షిపణి విషయంలో ఈ సౌలభ్యం లేదు. దానిని వదిలిన క్షణానికీ అది లక్ష్యాన్ని చేరే క్షణానికీ మధ్య ఇరుపక్షాల నౌకలూ కదులుతూనే ఉంటాయి కనుక, ఆ వ్యవధిలో క్షిపణి బల్లమీద ఎక్కడ ఉన్నట్లు, ఎవరికి కనబడుతున్నట్లు అన్న ప్రశ్నకు ఆట రూపకర్త జవాబు చెప్పి తీరాలి. ఒక్కొక్కరు చెప్పిన జవాబును బట్టే ఒక్కొక్క ఆటలో దూరపు పోరు ఎత్తుగడలు రూపుదిద్దుకున్నాయి.

ఈ ప్రశ్న ఊహాలోకంలో పుట్టినది కాదు. 1967 అక్టోబరులో ఈజిప్టు పడవలు ప్రయోగించిన సోవియట్ క్షిపణులు ఐలాత్ అనే ఇజ్రాయెల్ యుద్ధనౌకను ముంచాయి. 1971 డిసెంబరు యుద్ధంలో అదే జాతి క్షిపణులతో భారత నౌకాదళపు చిన్న పడవలు కరాచీ మీద దాడి చేశాయి. ఆ యుద్ధమనగానే తెలుగువారికి విశాఖ తీరాన మునిగిన ఘాజీ జలాంతర్గామి గుర్తుకు రావడం సహజమే గాని, నౌకాయుద్ధ పద్ధతినే మార్చిన ఘట్టాల లెక్కలోకి వచ్చేది మాత్రం కరాచీ దాడి. చిన్న పడవ పెద్ద నౌకను దూరం నుంచే ముంచగలదని తేలిన ఆ కాలంలోనే అంతరిక్ష యుద్ధక్రీడలు అచ్చులోకి రాసాగాయి.

అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ 1973లో ప్రచురించిన ట్రైప్లానెటరీ అనే ఆటలో సదిశ చలనాన్ని ప్రవేశపెట్టారు. శూన్యంలో నౌక ఒకసారి అందుకున్న వేగాన్ని, దిక్కును ఇంధనం ఖర్చు చేస్తే తప్ప మార్చుకోలేదన్న భౌతిక నియమాన్ని, షడ్భుజాకారపు గళ్లున్న పటం మీద మైనపు పెన్సిలుతో బాణపు గీతలు గీసి పాటించడమే ఈ పద్ధతి. నౌక వదిలిన ఆయుధానికి కూడా ఆ నౌక వేగమే సంక్రమిస్తుంది కాబట్టి, ప్రయోగానికి ముందు తన గమనాన్ని సరిదిద్దుకోవడమే సగం గురి అయింది. అదే సంస్థకు చెందిన మార్క్ మిల్లర్ 1978లో రూపొందించిన మేడే ఈ పద్ధతిని మరింత పొందికగా మలిచింది. అందులో ఒక్కొక్క గడి ఒక కాంతి సెకను, అంటే సుమారు 3 లక్షల కిలోమీటర్లు. ఒక్కొక్క వంతు 100 నిమిషాలు. ప్రతి నౌకకూ గత, వర్తమాన, భవిష్యత్ స్థానాలను చూపే మూడు పావులు. నౌకల మాదిరిగానే క్షిపణులు కూడా ఈ చలన నియమాలకు లోబడి శత్రువు వెంటపడేవి.

1979లో స్టీఫెన్ వి. కోల్ రూపొందించిన స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్ మరో దారి పట్టింది. ఇందులో ఒక వంతును 32 చిన్న క్షణాలుగా విభజించి, ఏ వేగంతో పోయే వస్తువు ఏయే క్షణాలలో ఒక గడి ముందుకు జరగాలో పట్టిక వేసి చూపారు. డ్రోన్ అని పిలిచే క్షిపణి ఈ పట్టిక ప్రకారం అందరి కళ్లెదుటే లక్ష్యాన్ని తరుముతుంది. రాబోయే దెబ్బ కనబడుతున్నది కనుక దానిని తప్పించుకునే ఉపాయాలు కూడా పెరిగాయి: తుపాకులతో కూల్చడం, ఆకర్షక కిరణంతో పట్టి నిలపడం, తల్లినౌకలా భ్రమింపజేసే చిన్న పడవను ఎరగా వదలడం. అయితే ఎరను వదిలిన నౌక నెమ్మదిగా పోవాలి, గురిచూసి కాల్పులు జరపరాదు. అంటే ప్రాణం దక్కినా ఆ కాసేపు చేతులు కట్టుకున్నట్టే. అనుభవజ్ఞులు డ్రోన్లను తగలడానికి గాక తరమడానికి వదిలేవారు. వాటి దారి నుంచి తప్పుకోబోయి శత్రువు తిరిగినప్పుడు, అతని ఆరు కవచాలలో అప్పటికే దెబ్బతిన్నది తమవైపుకు వస్తే చాలునన్నది ఎత్తుగడ. ఆటలోని పక్షాలలో ఒకటైన రోములన్లు వాడే ప్లాస్మా టార్పెడో దీనికి మరో మెలిక. దూరం పోయేకొద్దీ దాని బలం తరుగుతుంది కాబట్టి, ఎదుటివాడు వెనుదిరిగి పారిపోయి, అది చల్లారాక, మళ్లీ సిద్ధం చేసుకోవడానికి పట్టే మూడు వంతులలోపే తిరిగి పైబడేవాడు. పలాయనాన్ని ఇంత గౌరవప్రదమైన విద్యగా తీర్చిన ఆటలు అరుదు. కాని పట్టికల బరువు అంతా ఇంతా కాదు. రెండు నౌకల పోరుకే ఒక పూట గడిచిపోయేది.

కోల్ అదే ఏడాది తెచ్చిన స్టార్‌ఫైర్‌లో నౌకలు ఒక్కొక్కటిగా గాక దళాలుగా పోరాడతాయి. సమాచార బంధంతో ముడిపడిన నౌకలు ఒక్కసారిగా క్షిపణులు వదిలితే, వాటిని దగ్గరలో కూల్చే రక్షణ ఆయుధాల శక్తి చాలదు. రక్షణ మోయగలిగిన సంఖ్యను దాటించడమే లక్ష్యం. సముద్ర యుద్ధాన్ని అనుకరిస్తూ లారీ బాండ్ 1980లో తెచ్చిన హార్పూన్‌లోనూ ఇదే తర్కం నడుస్తుంది.

బ్రిటన్‌కు చెందిన జాన్ టఫ్లీ రూపొందించిన ఫుల్ థ్రస్ట్ వీటన్నిటికన్నా తేలికైనది, ఈ విషయంలో బహుశా అందరికన్నా తెలివైనది. అందులో ఆటగాళ్లందరూ తమ నౌకల కదలికలను ముందుగా రహస్యంగా రాసుకుంటారు. ఆ ఆటకు అనుబంధమైన 1998 నాటి నౌకాదళ గ్రంథంలో చేరిన నియమం ప్రకారం, అలా రాసుకున్న తరువాత, నౌకలు ఇంకా కదలకముందే, క్షిపణుల గుంపుకు గుర్తైన బిళ్లను 24 ప్రమాణాల లోపు ఎక్కడో ఒకచోట పెట్టాలి. నౌకలు కదిలాక ఆ బిళ్లకు 6 ప్రమాణాల లోపల అతి సమీపంగా ఉన్న నౌకపై అది పడుతుంది, ఎన్ని క్షిపణులు గురి అందుకున్నాయో పాచిక చెబుతుంది. క్షిపణి ప్రయాణకాలమంతా ఈ ఒక్క క్రమంలో ఇమిడిపోయింది. పట్టిక లేదు, వెంటాడే పావు లేదు, ఉన్నదల్లా ప్రత్యర్థి మనసును చదవడమే. చురుకైన నౌకను పట్టాలంటే అది తిరగగల చోట్లన్నిటా బిళ్లలు పరచాలి. బరువైన యుద్ధనౌకకు ఒకటి రెండు చాలు. అతి సమీపంలోని నౌకనే క్షిపణి ఎంచుకుంటుందన్న నియమంలోని సందును ఆటగాళ్లు త్వరలోనే కనిపెట్టి, చవక పడవలను ముందుకు తోసి, ఖరీదైన క్షిపణులను వాటిమీద వృథా చేయించసాగారు.

స్టార్‌ఫైర్‌కు అనుబంధాలు రాసిన డేవిడ్ వెబర్ తరువాత ఆనర్ హారింగ్టన్ నవలలతో ప్రసిద్ధుడయ్యాడు. బల్లమీది క్షిపణి తర్కం ఆ నవలలలో పుటలకొద్దీ కనిపిస్తుంది. ఆ నవలలను ఆధారం చేసుకుని యాడ్ ఆస్ట్రా గేమ్స్ తెచ్చిన సాగనామీ ఐలాండ్ టాక్టికల్ సిమ్యులేటర్ మూడు పరిమాణాల చలనంతో నడుస్తుంది. నవలలలోని క్షిపణికి ఇంజను కొద్ది నిమిషాలే మండుతుంది. వేగం పెంచితే త్వరగా ఆరిపోతుంది, తగ్గిస్తే దూరం పోతుంది గాని రక్షకులకు కూల్చే వ్యవధి దొరుకుతుంది. ఇంజను ఆరిన క్షిపణి అదే దారిన సాగిపోతుంది తప్ప తప్పుకుంటున్న నౌక వైపు తిరగలేదు.