నొప్పితో పరుగు: ఆధారాలు ఏం చెబుతున్నాయి?

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో తెల్లవారుజామున పరుగుకు బయలుదేరే వాళ్లంతా పూర్తి ఆరోగ్యవంతులు కారు. షుగర్ ఉందని తేలి, డాక్టరు నడవమన్నందుకు కొత్తపేట విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానానికి రావడం మొదలుపెట్టి, నడక నుంచి మెల్లగా జాగింగ్‌లోకి దిగిన నడివయసువాళ్లు వాళ్లలో ఉంటారు. పాత మోకాలి నొప్పిని పంటి బిగువున భరిస్తూ సరూర్‌నగర్ చెరువు కట్ట చుట్టూ తిరిగేవాళ్లుంటారు. కోచింగ్ సెంటర్ల హాస్టళ్లలో ఉంటూ, పోలీసు ఉద్యోగ దేహదారుఢ్య పరీక్ష కోసం కొద్ది వారాల్లోనే వేగం పెంచుకోవాలనుకునే యువత కూడా ఉంటుంది.

వీళ్లందరికీ చుట్టుపక్కల వాళ్లు చెప్పే సలహాలు రెండే. ‘మోకాలి గుజ్జు అరిగిపోతుంది, మానెయ్’ అనేది ఒకటి. ‘నొప్పిని పట్టించుకోకు, పరుగెత్తుతుంటే అదే పోతుంది’ అనేది రెండోది. ప్రచురితమైన పరిశోధనలు ఈ రెండు సలహాలనూ ఎంతవరకు సమర్థిస్తున్నాయో చూడటమే ఈ వ్యాసం పని. ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇక్కడ ప్రస్తావించే పరుగు గాయాల అధ్యయనాలు ఎక్కువగా ఐరోపా, అమెరికా వాళ్ల మీద జరిగినవి. మన ఎండకు, మన రోడ్లకు, మన జబ్బులకు వాటిని ఉన్నదున్నట్టుగా అతికించలేం.

మోకాలి గుజ్జు సంగతి

పరుగుకూ కీళ్ల అరుగుదలకూ ఉన్న సంబంధం మీద 17 అధ్యయనాల్లోని లక్షా 14 వేలకు పైగా మంది వివరాలను కలిపి చూసిన సమీక్ష 2017లో వెలువడింది. సరదాకో ఆరోగ్యానికో పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగు జోలికి పోని వాళ్లలో అది 10.2 శాతం. పోటీ స్థాయిలో పరుగెత్తే క్రీడాకారుల్లో 13.3 శాతం. 

ఈ అంకెలు చూసి పరుగు కీళ్లను కాపాడుతుందని తేల్చేయడం తొందరపాటు. మోకాలు బాధపెట్టినవాళ్లు మధ్యలోనే పరుగు మానేసి ఉండొచ్చు. మొదటినుంచీ బరువు తక్కువగా ఉన్నవాళ్లే పరుగును ఎంచుకుని ఉండొచ్చు. అయితే ఒక్క మాట మాత్రం ధైర్యంగా అనవచ్చు: మితమైన పరుగు ఆరోగ్యవంతుల మోకాళ్లను అరగదీస్తుందనడానికి ఈ సమీక్షలో ఆధారం లేదు.

ఇప్పటికే అరుగుదల ఉన్నవాళ్ల సంగతి వేరు. అమెరికాలో 50 ఏళ్లు దాటి, మోకాలి అరుగుదల ఉన్న 1,203 మందిని నాలుగేళ్లు గమనించిన అధ్యయనం 2018లో వచ్చింది. వాళ్లలో పరుగెత్తేవాళ్లు 138 మంది. వాళ్ల మోకాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువగా పాడవలేదు, నొప్పీ పెరగలేదు. కానీ వాళ్లంతా తమ ఓపికను బట్టి, తమకు నప్పినంత మేరే పరుగెత్తినవాళ్లు. లిగమెంట్ తెగినవాళ్లకు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఈ ఫలితం వర్తిస్తుందని చెప్పలేం. వాళ్ల విషయం శస్త్రచికిత్స చేసిన డాక్టరే తేల్చాలి.

గాయానికి అసలు కారణం

పరుగు గాయాలు అరుదైనవేమీ కావు. 2015 నాటి ఒక సమీక్ష లెక్క ప్రకారం ప్రతి వెయ్యి గంటల పరుగుకు కొత్తవాళ్లలో సుమారు 17.8 గాయాలు, అలవాటైన వాళ్లలో 7.7 గాయాలు నమోదయ్యాయి. మొదటి నెలల్లోనే ముప్పు ఎక్కువన్నమాట. అంతకుముందే గాయపడి ఉండటం మరో గాయానికి దారితీసే ముఖ్య కారణాల్లో ఒకటని అనేక అధ్యయనాలు చెప్పాయి.

వారానికి పది శాతం మించి దూరం పెంచకూడదన్న నియమాన్ని పరుగు శిక్షకులు చాలాకాలంగా చెబుతున్నారు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్తవాళ్లను రెండు జట్లుగా చేసి దీన్ని పరీక్షించారు. పది శాతం నియమంతో 13 వారాలు సాధన చేసిన జట్టులో 20.8 శాతం మంది గాయపడ్డారు. మామూలుగా 8 వారాలు సాధన చేసిన జట్టులో 20.3 శాతం. తేడా దాదాపు లేదు.

అలాగని దూరం ఎంత పెంచినా ఫర్వాలేదని కాదు. డెన్మార్క్ పరిశోధకులు 5,205 మంది రన్నర్లను ఏడాదిన్నర పాటు అనుసరించి 2025లో ప్రకటించిన ఫలితాలు ఈ చిక్కును కొంత విప్పాయి. గడచిన 30 రోజుల్లో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని ఒకే రోజులో పది నుంచి ముప్పై శాతం మించితే గాయపడే ముప్పు 64 శాతం పెరిగింది. రెట్టింపు దాటితే 128 శాతం పెరిగింది. వారం మొత్తం మీద పెరిగిన దూరానికి గాయాలతో అలాంటి సంబంధం కనిపించలేదు. ఇది కూడా పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. అయినా ఆచరణకు పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. వారమంతా ఆఫీసు పనిలో మునిగిపోయి, ఆదివారం ఒక్కరోజే ఆ లోటంతా పూడ్చుకోవాలనుకునేవాళ్లు జాగ్రత్త పడాలి.

బూట్ల మీద ఆధారం మిశ్రమం. 848 మంది మీద జరిగిన ఒక ప్రయోగంలో గట్టి అడుగు ఉన్న బూట్లు వాడినవాళ్లకు, మెత్తని బూట్లవాళ్లకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ముప్పు కనిపించింది. పాదం వంపును చూసి బూట్లు ఎంచి ఇవ్వడం వల్ల అమెరికా సైనికుల్లో గాయాలు తగ్గలేదు. కాబట్టి ఖరీదైన జత కొన్నంత మాత్రాన మోకాలికి రక్షణ దొరుకుతుందని నమ్మలేం.

నొప్పి ఉన్నప్పుడు ఆపాలా?

మోకాలి చిప్ప చుట్టూ నొప్పితో బాధపడుతున్న 69 మంది రన్నర్లను కెనడా పరిశోధకులు మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు దూరం, వేగం ఎలా సర్దుకోవాలో మాత్రమే నేర్పారు. రెండో జట్టుకు దానితోపాటు వ్యాయామాలు, మూడో జట్టుకు అడుగు వేసే తీరులో మార్పులు నేర్పారు. ఎనిమిది వారాల తరవాత మూడు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. వాళ్లకు చెప్పిన నియమం సరళమైనది: పరుగెత్తేటప్పుడు నొప్పి పదిలో రెండు దాటకూడదు, ఆపిన గంటలోపు మామూలు స్థితికి రావాలి.

మడమ వెనక ఉండే అకిలెస్ టెండన్ నొప్పి మీద స్వీడన్‌లో 38 మందితో చేసిన ప్రయోగం 2007లో వచ్చింది. అందరూ పిక్క బలం పెంచే వ్యాయామాలు చేశారు. సగం మంది మొదటి ఆరు వారాలు పరుగు, గెంతు మానేశారు. మిగతా సగం నొప్పి పదిలో ఐదు దాటకుండా, మర్నాటి ఉదయానికి తగ్గేలా చూసుకుంటూ కొనసాగించారు. ఏడాది చివర రెండు జట్ల ఫలితాలూ ఒకేలా ఉన్నాయి. 

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే పొడిచే మడమ శూలకు మునివేళ్ల కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని మడమ ఎత్తి దించే వ్యాయామాన్ని 48 మందిలో పరీక్షించారు. మూడు నెలలకు అది సాగదీత వ్యాయామంకన్నా మెరుగనిపించింది. ఏడాదికి వచ్చేసరికి తేడా మిగల్లేదు.

ఇవన్నీ చిన్న ప్రయోగాలు. అయినా ఒకే దిశను చూపిస్తున్నాయి. ఈ రకం నొప్పులకు పూర్తి విశ్రాంతి ఒక్కటే మార్గం కాదు. నొప్పిని కొలుస్తూ, భారాన్ని తగ్గిస్తూ కదలడం చాలామందికి సాధ్యమే.

కొన్ని నొప్పులకు ఈ నియమం పనికిరాదు. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే భరించలేని నొప్పి, రాత్రిపూట లేపేసే నొప్పి, కుంటించే నొప్పి, గజ్జల్లో లోతుగా పుట్టే నొప్పి ఉంటే ఎముకలో సన్నని చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. మోకాలు వాచినా, కదలకుండా పట్టేసినా కూడా తేలిగ్గా తీసుకోకూడదు. అప్పుడు పరుగు ఆపి డాక్టరును కలవాలి. నెలసరి సరిగా రాని యువతులు, తిండి బాగా తగ్గించి సాధన చేసేవాళ్లు ఈ హెచ్చరికను ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

మాత్ర వేసుకుని పరుగెత్తడం

మందుల దుకాణంలో నొప్పి మాత్ర సులువుగా దొరుకుతుంది. జర్మనీలోని బాన్ మారథాన్‌లో సుమారు నాలుగు వేల మందిని అడిగితే దాదాపు సగం మంది పరుగుకు ముందే నొప్పి మాత్ర వేసుకున్నామన్నారు. వాళ్లలో 16 శాతం మందికి కడుపునొప్పి, రక్తస్రావం వంటి ఇబ్బందులు వచ్చాయి. వేసుకోనివాళ్లలో 4 శాతం మందికే వచ్చాయి. సుదూర పరుగుల మీద 2017లో వచ్చిన ప్రయోగంలో ఐబుప్రొఫెన్ తీసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 34 శాతం మందికి కిడ్నీల పనితీరు దెబ్బతిన్నట్టు కనిపించింది. పాల్గొన్నది 89 మందే కాబట్టి దీన్ని తుది తీర్పు అనలేం. కానీ చెమటతో నీరు కోల్పోయే ఎండాకాలంలో, బీపీకో షుగర్‌కో మందులు వాడుతూ కిడ్నీ పరీక్ష చేయించుకోని మనిషి ఈ సాహసం చేయకూడదు. పైగా నొప్పిని కొలుచుకోవాల్సిన చోట మాత్ర ఆ కొలతనే చెరిపేస్తుంది.

షుగర్, బీపీ, గుండె

భారతీయ వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన జాతీయ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయని అవి చెబుతున్నాయి. అంటే ఈ జబ్బులతో పరుగెత్తడం అరుదైన సంగతి కాదు.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవాళ్లకు పరుగులోనూ, ఆ తరవాత గంటల్లోనూ చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. పరుగుకు ముందు అది డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే ఏదైనా తిని బయలుదేరాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన. జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు కాబట్టి ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి. కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు కంటి డాక్టరు సరే అనకుండా పరుగు మొదలుపెట్టకూడదు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడితే గుండె వేగం అంతగా పెరగదు. వాళ్లు చేతి గడియారంలోని అంకెను నమ్ముకునేకంటే, పరుగెత్తుతూ రెండు వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారో లేదో చూసుకోవడం మేలు.

అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న కోటీ 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగింది. అంటే లక్షకు ఒకరు కూడా లేరు. అయితే దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్లకు 59 దగ్గర వస్తోందని 2007 నాటి అధ్యయనం చూపింది. కాబట్టి అమెరికా అంకెతో మనం నిశ్చింతగా ఉండలేం. షుగర్, గుండె, కిడ్నీ జబ్బుల్లో ఏదైనా ఉండి ఇన్నాళ్లూ కదలకుండా ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా, మామూలుకు మించిన ఆయాసం వచ్చినా అక్కడే ఆగాలి. దాన్ని గ్యాస్ అనుకుని సరిపెట్టుకోవద్దు.

ఈ ప్రాంతంలో పరుగు

మెట్రో మార్గం కింద దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సాగే రోడ్డు విజయవాడ వైపు వెళ్లే బస్సులకు ముఖ్యదారి. పొగ, హారన్లు, తెగిపోయిన ఫుట్‌పాత్‌లు ఉన్నచోట కాలి గిలక బెణికినవాడు పరుగెత్తితే పాత గాయం తిరగబెట్టే అవకాశం ఎక్కువ. దానికన్నా విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానంలోని మట్టి నేల, చెరువు కట్ట మీది దారి మేలు. కాస్త ముందుకెళితే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 1975లో కృష్ణజింకల రక్షణకు కేటాయించిన సుమారు 3,600 ఎకరాల వనం అది. అక్కడ అటవీశాఖ పెట్టిన వేళలు, హద్దులు పాటించడం మన బాధ్యత.

గాలి సంగతికి వస్తే, సన్నని ధూళికణాలు ఘనపు మీటరుకు వంద మైక్రోగ్రాములు ఉన్నచోట రోజుకు గంటన్నరకు మించి సైకిల్ తొక్కితే మేలును మించిన కీడు జరుగుతుందని 2016లో ఒక గణిత నమూనా అంచనా వేసింది. ఆస్తమా ఉన్నవాళ్లు అంతవరకూ ఆగక్కరలేదు. చలికాలం ఉదయాల్లో పొగమంచుతో కలిసి కాలుష్యం నేల దగ్గరే నిలుస్తుంది. అలాంటి రోజు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత చూసి, బాగా లేకపోతే ఇంట్లోనే వ్యాయామం చేయడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలకు చేరే ఊరిలో సూర్యోదయానికి ముందే ముగించాలి, వేగం తగ్గించాలి.

తేలింది ఏమిటి

ఉన్న ఆధారాలను బట్టి ‘మానెయ్’ అన్న సలహా చాలామంది విషయంలో అతిజాగ్రత్త. ‘పట్టించుకోకు’ అన్న సలహా ప్రమాదకరం. 55 వేల మంది అమెరికన్లను సగటున 15 ఏళ్లు గమనించిన 2014 నాటి అధ్యయనంలో రోజుకు ఐదు పది నిమిషాల నెమ్మది పరుగు చేసేవాళ్లలో కూడా మరణాలు తక్కువగా కనిపించాయి. నొప్పితోనో జబ్బుతోనో ఉన్నవాళ్లు పెద్ద దూరాల కోసం తాపత్రయపడనక్కరలేదని ఇది ధైర్యమిస్తోంది. 

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో, రెండు నిమిషాల నడకకు ఒక నిమిషం పరుగు చొప్పున మొదలుపెట్టండి. ప్రతిసారీ దూరం, నొప్పి పదిలో ఎంత, మర్నాడు పొద్దున ఎలా ఉంది అన్న మూడు సంగతులు ఒక పుస్తకంలో రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ పుస్తకం తీసుకెళ్లండి. ఈ ప్రాంత ప్రజాప్రతినిధులకు, నగరపాలక అధికారులకు ఒక విన్నపం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య వెలుతురు ఉన్న, దూరం కొలిచి గుర్తులు వేసిన మట్టి ట్రాక్ ఒకటి ఏర్పాటు చేయండి. జబ్బుతోనూ నొప్పితోనూ కదలాలనుకునే మనుషులకు అది చాలా పెద్ద సాయం.