నిజామియా వేధశాల: మన పిల్లలు తెలుసుకోవలసిన చరిత్ర

మన బడి స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ వారు అడగ్గానే, సైన్సు మాస్టారుగా నాకు మొదట మెదిలింది నిజామియా వేధశాల. ఆలేరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోపు చేరే బేగంపేటలో ఉంటూ, ప్రపంచ ఖగోళశాస్త్రంలో హైదరాబాదుకు పేరు తెచ్చిన సంస్థ అది.

1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత సొమ్ముతో ఫిసల్‌బండలో దాన్ని స్థాపించి, 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించారు. 1907లో ఆ మహానుభావుడు కన్నుమూశారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం బాధ్యత తీసుకోగా, వేధశాల బేగంపేటకు మారింది. అయినా ఆ పెద్ద టెలిస్కోపును నిలబెట్టేసరికి 1922 వచ్చింది! ఈలోగా సిబ్బంది చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీశారు. పలక మీద సన్నటి గళ్లుండేవి. ఒక్కొక్క చుక్కనూ సూక్ష్మదర్శినిలో చూసి, ఏ గడిలో ఎక్కడుందో కొలిచి రాసేవారు. అంతర్జాతీయ నక్షత్ర పట్టికకు అలా 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అందించారు.

వేధశాలను నడిపిన చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్, అక్బర్ అలీ, కె.డి. అభ్యంకర్ గార్ల సేవలు చిరస్మరణీయం. పేర్లు తెలియని కొలతగాళ్లకూ అంతే రుణపడి ఉన్నాం. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. కావలూరులోని పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. నగరపు వెలుగులు పెరగడంతో ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఆ రోజు భయంతో తలుపులేసుకున్న ఇళ్లెన్నో!

ఒక బాధ చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక బడిలో టెలిస్కోపు ఉండేది. పగిలితే జవాబు ఎవరు చెప్పాలన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను రిటైరయ్యేనాటికి కటకానికి బూజు పట్టింది. ఒక్క పిల్లవాడూ దాంట్లో చందమామను చూడలేదు.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం: ఈ ఉత్సవానికి గుర్తుగా బడికి 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొనివ్వండి. సూర్యుణ్ణి చూపడానికి గొట్టం ముందువైపు బిగించే ఫిల్టరు కూడా తీసుకోండి. కంటివైపు పెట్టేది వేడికి పగులుతుంది, దాన్ని వాడొద్దు. నెలకోసారి ఊరందరినీ పిలిచి ఆకాశం చూపించండి. టెలిస్కోపును మాత్రం బీరువా పాలు చేయకండి.