పాత బండి, కొత్త పట్టాలు

బందరు నుంచి గుడివాడ మీదుగా బెజవాడ పోయే రైలు ఒకప్పుడు మీటరుగేజి. బెజవాడలో మద్రాసు–కలకత్తా లైనేమో బ్రాడ్‌గేజి. రెండూ రైళ్ళే. అయినా గుడివాడలో ఎక్కిన ధాన్యం బస్తా బెజవాడలో దిగి, మరో బండి ఎక్కవలసిందే!

యూనిక్స్‌దీ ఇదే గొడవ. 1969లో అమెరికాలో, బెల్ లాబ్స్‌లో పుట్టిన కంప్యూటరు వ్యవస్థ అది. 1980లో మైక్రోసాఫ్టు దాన్ని చిన్న యంత్రాలకు దిద్ది జెనిక్స్ అంది. ఏటీ అండ్ టీ వారిది సిస్టమ్ ఫైవ్. ఒకే తల్లి బిడ్డలు. కాని జెనిక్స్ ప్రోగ్రాము సిస్టమ్ ఫైవ్ మీద నడవదు. ఫైలు కట్టుబడే వేరు మరి! మూల ప్రోగ్రాము చేతిలో ఉంటే మళ్ళీ కంపైలు చేసుకోవచ్చు. కొనుక్కున్నవాడికి అదెవరిస్తారు? యంత్రం మారిస్తే అతని లెక్కల ప్రోగ్రాము గంగలో కలిసినట్టే.

1987లో రెండు సంస్థలూ రాజీపడ్డాయి. ఫలితంగా ఇంటెల్ 386 కోసం వచ్చిన సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 3.2 రెండు రకాల ప్రోగ్రాములనూ నడిపింది.

మన బందరు లైనూ తర్వాత బ్రాడ్‌గేజి అయింది. అయితే అక్కడ పాత పట్టాలు పీకేశారు. ఇక్కడ పాత బండే కొత్త పట్టాలమీద పరుగెత్తింది. ఆ ఉపాయం బందరు బండికి అందలేదు, పాపం!